దావీదు బావతో మాచర్ల రోడ్డు మీద

ఈ ప్రయాణం కొండల కోసమో నీళ్ల కోసమో మొదలు కాలేదు. మా సుశీలక్క నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి ఒక పని అప్పజెప్పింది. అక్కడ మొదలైంది. అక్క భర్త దావీదు బావ ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపాడు. అందులో పద్దెనిమిదేళ్లు నరసరావుపేట నుంచి మాచర్ల మీదుగా సాగర్ వెళ్లే రూటులోనే. షుగర్ మెల్లగా కళ్లలోకి దిగింది. మూడేళ్ల కిందట కంటి పరీక్షలో బండి నడపడానికి పనికిరాడని రాసేశారు. మిగిలిన సర్వీసు డిపోలో కూర్చునే పని చేసి నిరుడు రిటైరయ్యాడు. స్టీరింగు చేతిలోంచి పోయిన నెలలోనే ఒక గేర్ల సైకిల్ కొన్నాడు. రోజూ పొద్దున్నే కోటప్పకొండ పాదం దాకా వెళ్లి వస్తాడు. ఈ మధ్య రెండుసార్లు పడ్డాడు. ఒకసారి కుక్క అడ్డం వచ్చిందన్నాడు, రెండోసారి ఇసుకలో టైరు జారిందన్నాడు. గుంటూరులో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా అక్కను బయట బల్ల మీదే కూర్చోబెడతాడు. బయటికొచ్చి ఎడమ కన్ను బ్రహ్మాండంగా ఉందన్నాడని తనే చెబుతాడు.

"ఒరేయ్ రవీ, ఆయన నాకు చెప్పడు," అంది అక్క. "ఒక రోజంతా ఆయనెనక తొక్కి చూడు. కనపడతంటే తొక్కుకోనీ, నేను నోరెత్తను. లేదంటే ఆ సైకిలు అమ్మేస్తా. నువ్వు మాత్రం నాకు నిజం చెప్పాల."

సరేనన్నాను గానీ ఆ పని నాకు ఏమాత్రం నచ్చలేదు. డిగ్రీ మూడేళ్లూ నేను వాళ్లింట్లోనే తిని చదువుకున్నాను. డ్యూటీ దిగి వచ్చి, నాకు కూర మిగిలిందో లేదో చూసుకుని గానీ బావ కంచం ముందు కూర్చునేవాడు కాదు. అలాంటి మనిషి వెనక ఇప్పుడు వేగులవాడిలా బయలుదేరాలి. సాగర్ దాకా తొక్కుదామా బావా అని ఊరికే అడిగినట్టు అడిగాను. ఆ సాయంత్రమే సైకిల్‌కి కొత్త ట్యూబులు వేయించాడు. ఆ సంబరం చూశాక నా మీద నాకే చిరాకు పుట్టింది.

జులై మొదటి ఆదివారం, తెల్లవారి అయిదింటికి నరసరావుపేట స్టేషన్ రోడ్డులో బయలుదేరాం. మీరు వెళ్లాలనుకుంటే ఈ నెల మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. ఎండ ఉండదు, అది ఒక్కటే లాభం. ఆకాశం నిండా మబ్బు ఉంటుంది, చినుకు మాత్రం రాలదు. పత్తి గింజ వేసిన రైతులు గట్ల మీద నిలబడి పైకి చూస్తుంటారు. దారి సులువు. నకరికల్లు మీదుగా పిడుగురాళ్ల దాదాపు నలభై కిలోమీటర్లు, అక్కడి నుంచి గురజాల ఇరవై, రెంటచింతల మీదుగా మాచర్ల ఇంకో ముప్పై, ఆ తర్వాత సాగర్ ఇరవై రెండు మూడు. మొత్తం నూట పది పైచిలుకు. రోజుకు యాభై తొక్కే అలవాటున్న వాళ్లు తీరిగ్గా తొక్కగలరు.

ఒప్పందం బావే చెప్పాడు. రోడ్డు తనకు తెలుసు కాబట్టి తను ముందు ఉంటాడు. నేను రెండు సైకిళ్ల దూరంలో వెనక ఉండి, వచ్చే బండ్లను కేకేసి చెప్పాలి. ఇద్దరు కలిసి తొక్కేటప్పుడు ఎవరైనా చేసేది ఇదే కదా అనుకున్నాను.

నకరికల్లు వరకు నేను పరీక్షాధికారిలా ఆయన వీపునే చూస్తూ తొక్కాను. ఎక్కడా తప్పు దొరకలేదు. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కి పది గజాల ముందే సీటు మీంచి లేచేవాడు. మలుపుకు ముందే గేరు తగ్గించేవాడు. సాగర్ కాల్వ దాటుతుంటే, ఇంకా నీళ్లు వదలలేదు చూశావా అన్నాడు. నిజంగానే కాల్వలో నీళ్లు లేవు, అడుగున గుంటల్లో పాచి మాత్రం ఉంది. నాకు ప్రాణం కుదుటపడింది. అక్క ఊరికే కంగారు పడుతోంది, సాయంత్రం ఫోన్ చేసి ఇదే చెబుదామనుకున్నాను.

పిడుగురాళ్ల దగ్గరపడే కొద్దీ ఆ కొంచెం వెలుతురు కూడా తగ్గింది. సున్నపు బట్టీల పొగ మబ్బు కిందే ఆగిపోయింది. రోడ్డు పక్క రేకులు, వేపాకులు, ఆగి ఉన్న లారీల అద్దాలు అన్నీ ఒకే తెలుపు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఇక్కడ ఏడు తర్వాత లారీలు ఊపందుకుంటాయి, అంతకు ముందే ఊరు దాటడం మంచిది. మేం ఏడున్నరకు చేరి, బస్టాండు దగ్గర బండి మీద ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు, కారప్పొడి మాత్రం అడిగినంత. బావ ఇడ్లీ తుంచి చట్నీలో ముంచబోయి పక్కనున్న మంచినీళ్ల గ్లాసులో ముంచాడు. నేను నవ్వాను. తనూ నవ్వాడు. ఇడ్లీ పోసే ఆవిడ మాత్రం నవ్వలేదు. చట్నీ గిన్నె ఆయన చేతికి ఆనేలా జరిపి, "ఇదిగో బాబాయ్, ఇది చట్నీ," అని నెమ్మదిగా చెప్పింది. ఆవిడకు రెండు నిమిషాల్లో తెలిసిపోయిన సంగతి నాకు ఇంకో యాభై కిలోమీటర్లకు గానీ తెలియలేదు.

గురజాల దారి మీకు నచ్చుతుంది. లారీలు తగ్గుతాయి. రెండు వైపులా నల్లరేగడి చేలు, మధ్యలో రాతి గుట్టలు, గుట్టల మీద ముళ్లకంప. ఎండలో అయితే ఈ నేల మండిపోతుంది, మబ్బు పట్టిన రోజున మాత్రం అంతా పాత ఫొటోలా బూడిదగా కనిపిస్తుంది. గురజాలలో తొమ్మిదింబావుకు టీ తాగాం. రెంటచింతల ఇంకా అరకిలోమీటరు ఉందనగా బావ, ఊరొచ్చింది, ఆదివారం ఆరాధనకు జనం రోడ్డు దాటుతుంటారు, మెల్లగా పోదాం అన్నాడు. బోర్డు నాకింకా కనిపించలేదు. బావ కళ్లు నా కళ్లకన్నా నయమనుకున్నాను. అప్పటికే చర్చి గంట మోగుతోందన్న సంగతి నాకు తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది.

ఊరు దాటాక కొత్తగా వేసిన స్పీడ్ బ్రేకర్ ఒకటి ఎదురైంది. తెల్ల గీతలు కూడా ఆరినట్టు లేవు. బావ సీటు మీంచి లేవలేదు. ఎగిరి పడ్డాడు, హ్యాండిల్ ఒక పక్కకు కొట్టుకుపోయింది, ఎలాగో ఆపుకున్నాడు. చూసుకో బావా, నిద్రపోతున్నావా అని కసిరాను. తను తల వంచుకుని, ఇది ఎప్పుడేశారో అన్నాడు అంతే. ఆ మాట దగ్గర నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. లెక్కల మాస్టారిని, రెండూ రెండూ కలపడం పిల్లలకు చెబుతాను. ఆ రోజు నాకు కలపాలనిపించలేదు.

మాచర్లలో పదకొండున్నరకు భోజనం చేశాం. తొంభై రూపాయలకు పప్పు, గోంగూర, చారు, గట్టి పెరుగు. గంట పడుకుని పన్నెండున్నర దాటాక సాగర్ రోడ్డెక్కాం. పడమట నల్లమల వరస మొదలవుతుంది. ఒకదాని వెనక ఒకటి కొండలు, వెనకది ముందుదానికన్నా పలచగా. ఈ రోజంతటిలో ఫొటో తీయాల్సిన చోటు ఇదే. నేను ఫొటో కోసమే ఒక చేత్తో ఫోన్ తీశాను.

ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు వెళ్లాక, కుడి పక్క క్వారీ నుంచి వచ్చే మట్టిరోడ్డు మెయిన్ రోడ్డులో కలుస్తుంది. దాని మీంచి నాపరాళ్లు నింపుకున్న లారీ ఒకటి ఆగకుండా వస్తోంది. బావ అదే వేగంతో పోతున్నాడు. కుడి వైపు చూసుకో అని చెప్పాలి. కంగారులో అంత మాట ఎక్కడొస్తుంది. "రైట్! బావా, రైట్!" అని గొంతు చించుకుని అరిచాను.

ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపిన మనిషికి వెనక నుంచి వినిపించే రైట్ అంటే ఒకటే అర్థం. కండక్టరు రైట్ అన్నాడంటే అంతా సరిగ్గా ఉంది, పోనిమ్మని. ఆపాలంటే హోల్డాన్ అనాలి. బావ పెడళ్ల మీద లేచి నిలబడి, ఉన్న బలమంతా పెట్టి తొక్కుకుంటూ లారీ ముందుకు వెళ్లాడు.

లారీ బ్రేకు చప్పుడు, పైన రాళ్లు ఒకదాని మీద ఒకటి జరిగిన చప్పుడు నేను ఇప్పటికీ వింటున్నాను. బంపరుకూ సైకిల్ వెనక చక్రానికీ మధ్య జానెడు ఉందో లేదో. బావ ఎడమ పక్క కంకరలో పడ్డాడు. మోచేయి గీసుకుపోయింది, అంతకన్నా ఏం కాలేదు. డ్రైవరు దూకి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి.

"ఏంది పెద్దాయనా, అంత లారీ వస్తంటే కళ్లు కనపట్టంలా?"

రోడ్డు మీద రోజూ ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని అనే మాటే అది. దానికి ఎవరూ జవాబు చెప్పరు. బావ కంకరలో కూర్చునే, మాట వచ్చిన వైపు మొహం తిప్పి జవాబు చెప్పాడు.

"కనపట్టంలా నాయనా. తప్పు నాదే."

డ్రైవరు వంగి బావను రెండు చంకల కింద చేతులేసి లేపాడు, సైకిల్ పక్కకు తీశాడు, లారీలోంచి నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. పోతూ పోతూ నా వైపు తిరిగి, మరి నువ్వు ఎనక ఏం జేస్తన్నావయ్యా అని అడిగాడు. వాణ్ణి ఏమీ అనమాక, వాడు రైటన్నాడు, నేను పోనిచ్చా, అని బావే నన్ను వెనకేసుకొచ్చాడు.

రోడ్డు పక్క అరగంట కూర్చున్నాం. కుడి కన్ను ఏడాది కిందటే పోయిందని, ఎడమ దాంట్లో పొగ లాంటిది తప్ప ఏమీ లేదని, అందులో పెద్ద బండ్లు నల్లగా కదిలినట్టు తెలుస్తాయని అప్పుడు చెప్పాడు. మబ్బు రోజున అదీ తెలియదట. రోడ్డంతా ఒంట్లో ఉంది కాబట్టి తొక్కాడు. ఏ గుంత ఎక్కడో, ఏ మలుపు ఎంత సేపో పద్దెనిమిదేళ్లలో కాళ్లకూ చేతులకూ వచ్చేసింది. కోటప్పకొండ రోడ్డు కూడా అంతే. డాక్టరు ఆరు నెలల కిందటే సైకిల్ మానేయమన్నాడు. నాకు కోపం వచ్చింది, భయం వేసింది, ఆయన మీద జాలీ కలిగింది. మూడూ ఒకేసారి వస్తే మనిషి ఏం మాట్లాడాలో నాకు తెలియదు. పొద్దుటి నుంచి తొంభై అయిదు కిలోమీటర్లు, లారీల మధ్య, చూపు లేని మనిషిని ముందు పెట్టుకుని తొక్కించాను.

వెనక్కి పోదామన్నాను. ఇంత దూరం వచ్చి నీళ్ల దగ్గరికి పోకుండా తిరగనన్నాడు. మాచర్లలో రాళ్లు దించి ఖాళీగా వస్తున్న ట్రాలీ ఆటోను ఆపాను. నడిపేది సైదులు అనే అతను. సైకిళ్లు వెనక వేసుకుని సాగర్ తీసుకెళ్లి మళ్లీ మాచర్లలో దింపడానికి తొమ్మిది వందలు అడిగాడు. ఎగువ నుంచి ఇంకా నీళ్లు రాలేదని, డ్యాములో చూడ్డానికి ఏమీ లేదని ముందే చెప్పాడు. అయినా ఎక్కాం. ఎత్తిపోతల బోర్డు దాటింది. ఆగుదామని ముగ్గురిలో ఎవరమూ అనలేదు. మీరు మాత్రం ఆగండి. వానలు పడ్డాక వెళితే జలపాతం బాగుంటుందని అందరూ చెబుతారు.

సాగర్ ఇవతలి గట్టున విజయపురి సౌత్‌లో లాంచీలు ఆగే చోటు దాటి, కొంచెం ఎడంగా గట్టు మీద దిగాం. రెండున్నర అయింది. గాలి లేదు. నీళ్లు చాలా కిందికి దిగిపోయాయి. కొండల అంచుల్లో, ఏ నెలలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చెప్పే చారలు మెట్లలా కనిపిస్తున్నాయి. గట్టు కింద నుంచి నీళ్ల దాకా పగిలిన బురద. బావ నా భుజం పట్టుకుని రాయి మీద కూర్చున్నాడు. అప్పుడే తన మాట బయట పెట్టాడు.

"మీ అక్కకు చెప్పమాక రవీ. రోజులో పొద్దున ఆ గంటన్నరే నాకుండేది. మిగతా అంతా మంచం మీద కూర్చుని టీవీ వినటమే. ఆ గంటన్నర పోతే ఇంకేముంది నాకు?"

కాసేపయ్యాక, నీళ్లు ఎట్టా ఉన్నాయిరా అని అడిగాడు. నిండుగా ఉన్నాయి బావా, గట్టు దాకా వచ్చాయి, అటు కొండలన్నీ నీళ్లలో కనిపిస్తున్నాయి అని చెప్పాను. ఆ క్షణంలో అది తప్పుగా అనిపించలేదు. ఇంత దూరం వచ్చిన మనిషికి ఆ మాత్రం ఇవ్వలేనా అనుకున్నాను.

బావ ముక్కుతో గాలి పీల్చి తల అడ్డంగా ఊపాడు. నీళ్లు దిగాక వచ్చే బురద వాసన తనకు తెలియదా, ఇదే గట్టు దగ్గర బస్సు ఆపుకుని పద్దెనిమిదేళ్లు అన్నం తిన్నానన్నాడు. సైదులు చెప్పింది కూడా విన్నాడు కదా. కోప్పడలేదు. అబద్ధం చెప్పడం నీకు చేతకాదురా, ఉన్నదే చెప్పు అన్నాడు. ఉన్నదే చెప్పాను. బురద ఎంత దూరం ఉందో, నీళ్లు ఏ రంగులో ఉన్నాయో, పుట్టిలో కూర్చుని వల లాగుతున్న ఒకే ఒక్క మనిషి ఎటు వైపు తిరిగి ఉన్నాడో, కొండల మీద చారలు ఎన్నో. చారలు లెక్కపెట్టి చెప్పమన్నాడు. నాకు కనిపించినవి తొమ్మిది. బావ కళ్లు మూసుకుని విన్నాడు. మూసుకున్నా తెరుచుకున్నా ఒకటే కదా అనిపించింది.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. లేచి దూరం వెళ్లి మాట్లాడవచ్చు. వెళ్లలేదు. అక్క గొంతు పెద్దది, స్పీకర్ పెట్టకపోయినా పక్కవాళ్లకు వినపడుతుంది. చేరామా లేదా అని కూడా అడగలేదు, ఆయనకు కనపడతందా అని ఒక్కటే అడిగింది. బావ మొహం నీళ్ల వైపు తిప్పుకున్నాడు. పొద్దున అయిదింటికి రోడ్డు మీద ఒంటరిగా వెళ్లే ఆయనా, క్వారీ దగ్గర ఆగకుండా వచ్చే లారీలూ నా కళ్ల ముందు కదిలాయి.

"లేదక్కా. కనపట్టంలా."

అక్క, ఇద్దరూ అన్నం తిన్నారా అని అడిగింది. తిన్నామని చెప్పాను. బావ లేచి, నా భుజం పట్టుకోకుండా, ఆటో ఇంజను చప్పుడును బట్టి నడుచుకుంటూ వెళ్లి ఎక్కి కూర్చున్నాడు.

మాచర్లలో నాలుగున్నరకు నరసరావుపేట బస్సు దొరికింది. కండక్టరు బావను గుర్తుపట్టి, దావీదన్నా అంటూ చేయి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. సైకిళ్లు వెనక సీట్ల దగ్గర పెట్టనిచ్చాడు, రెండింటికీ లగేజీ టికెట్టు కొట్టాడు. బస్సు ఖాళీగా ఉంటేనే ఇలా కుదురుతుంది, రద్దీ రోజుల్లో ఆశ పెట్టుకోకండి. దారి పొడుగునా బావ డ్రైవరుతో మాట్లాడాడు, కండక్టరుతో మాట్లాడాడు. నాతో మాట్లాడలేదు.

ఇది జరిగి రెండు నెలలైంది. సైకిల్ వారంలోపే అమ్ముడుపోయింది. నేను ప్రతి ఆదివారం వెళుతున్నాను. గేటు చప్పుడుకే నేనని పోల్చుకుని, మీ తమ్ముడొచ్చాడు టీ పెట్టు అని అక్కతో అంటాడు. నన్ను కూర్చోమని ఒక్కసారీ అనలేదు. నేను చేసింది సరైనదేనని అందరూ అంటున్నారు, నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ మంచం పక్కన కుర్చీలో కూర్చోవడం తేలికైపోదు. ఈ దారిలో కొండలు బాగుంటాయి, నీళ్లుంటే నీళ్లూ బాగుంటాయి, వెళ్లి రండి. ఒక్క సలహా మాత్రం. పెద్దవాళ్లెవరినైనా వెంట తీసుకెళుతుంటే, బయలుదేరే ముందు వీధిలో నిలబెట్టి ఎదురుగా ఏం కనిపిస్తోందో చెప్పమని అడగండి. కనిపిస్తోందా అని అడగకండి, దానికి అందరూ అవుననే అంటారు. ఆ రోజు అయిదింటికి స్టేషన్ రోడ్డులో నేను బావను కనిపిస్తోందా అనే అడిగాను. నాకు కావలసిన జవాబూ ఆ అవునే.